యూరప్ మీద రీసెర్చ్ చేయాలంటే: ఢిల్లీకా, మణిపాల్‌కా, నేరుగా యూరప్‌కా?

"అక్కా, యూరోపియన్ స్టడీస్ సెంటర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో ఒక లిస్ట్ పంపవా? వాటిలో బెస్ట్ ఏదో కూడా చెప్పు" అని కాకినాడ నుంచి ఒక జూనియర్ ఫోన్ చేసింది. ఎంఏ పొలిటికల్ సైన్స్ చివరి సెమిస్టర్‌లో ఉంది. లిస్ట్ సంగతి తర్వాత, ముందు నువ్వు ఏం తెలుసుకోవాలనుకుంటున్నావో చెప్పు అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత రెండు విషయాలు చెప్పింది.

ఒకటి, వాళ్ల అమ్మమ్మది యానాం. 1954 దాకా ఫ్రెంచి వాళ్ల పాలనలో ఉన్న ఆ ఊళ్లో మామూలు జనం ఏ తగాదాలు పట్టుకుని ఫ్రెంచి దొరల దగ్గరికి వెళ్లేవాళ్లు, అక్కడ ఏ భాషలో మాట్లాడేవాళ్లు అన్నది చిన్నప్పటి నుంచీ తనకున్న సందేహం. రెండోది, వాళ్ల నాన్నకు రొయ్యల చెరువులున్నాయి. యూరప్‌కు పంపిన సరుకులో యాంటీబయాటిక్ ఆనవాళ్లు దొరికాయని అక్కడి ఓడరేవులో ఆపేస్తే, ఆ దెబ్బ ఇక్కడ చెరువు గట్టు మీదున్న రైతు దాకా ఎలా వస్తుంది అన్నది.

రెండూ యూరప్ మీద ప్రశ్నలే. కానీ మొదటిదానికి వెళ్లాల్సిన చోటు వేరు, రెండోదానికి వెళ్లాల్సిన చోటు వేరు. పట్టే ఏళ్లు, నేర్చుకోవాల్సిన భాష, అయ్యే ఖర్చు కూడా ఒకటి కాదు. అందుకే లిస్ట్ పంపలేదు. గంటన్నర మాట్లాడాను. అందులో మిగతావాళ్లకూ పనికొచ్చేది ఇక్కడ రాస్తున్నాను.

బోర్డు మీద ఏముందో కాదు

యూనివర్సిటీలో యూరోపియన్ స్టడీస్ సెంటర్ అంటే మామూలుగా ఉండేవి ఇవి: యూరప్ మీద పనిచేసే నలుగురైదుగురు ప్రొఫెసర్లు, వారానికో రెండు వారాలకో ఒక సెమినార్, ఎంతో కొంత పుస్తకాలు, యూరప్ నుంచి వచ్చి వెళ్లే విజిటింగ్ ప్రొఫెసర్లు, డబ్బున్న చోట అయితే ఫీల్డ్‌వర్క్‌కు చిన్న గ్రాంటు. విద్యార్థికి వీటిలో నిజంగా అక్కరకొచ్చేవి రెండే: గైడ్, ప్రయాణానికి డబ్బు. మిగతావన్నీ ఉంటే మంచిదే.

చాలా సెంటర్ల పేరు కింద 'ఝాఁ మొనే సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్' అని కనిపిస్తుంది. చూడగానే గౌరవం కలుగుతుంది, కలగాలి కూడా. కానీ అది శాశ్వత బిరుదు కాదు. యూరోపియన్ యూనియన్ తన ఎరాస్మస్ ప్లస్ పథకం కింద పోటీ పెట్టి, గెలిచిన సెంటర్‌కు 3 ఏళ్లకు గరిష్ఠంగా లక్ష యూరోలు ఇస్తుంది. ఆ మూడేళ్లూ సెమినార్లు, వర్క్‌షాప్‌లు, బయటి నుంచి వక్తలు, అంతా కళకళలాడుతుంది. గ్రాంటు అయిపోయాక బోర్డు మాత్రం గోడకు అలాగే ఉంటుంది. కాబట్టి ఎక్కడ అప్లై చేసినా, గ్రాంటు ఇప్పుడు నడుస్తోందా, ఏ సంవత్సరంతో ముగుస్తుంది అని అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి.

ఇంకో సంగతి. యూరప్ అనే మాటను ఒక్కో సెంటర్ ఒక్కోలా అర్థం చేసుకుంటుంది. చాలాచోట్ల యూరప్ అంటే బ్రస్సెల్స్, అంటే యూరోపియన్ యూనియన్ చట్టాలు, విదేశాంగ విధానం, వాణిజ్యం. సాహిత్యం, చరిత్ర, మతం వంటివి చదవాలనుకునేవాళ్లకు అక్కడ గైడ్ దొరకడం కష్టం. రష్యా మీద ఆసక్తి ఉంటే అసలు తలుపే వేరు. జేఎన్‌యూలో యూరప్‌కు ఒక సెంటర్, రష్యా, మధ్య ఆసియాలకు ఇంకో సెంటర్ ఉన్నాయి. ఉక్రెయిన్ యుద్ధం మీద ప్రపోజల్ పట్టుకుని వెళ్లేవాళ్లు ఏ తలుపు తట్టాలో ముందే తేల్చుకోవాలి.

ఢిల్లీ: డబ్బు విషయంలో తిరుగులేదు, గైడ్ విషయంలో జాగ్రత్త

జేఎన్‌యూ స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్‌కు 1955 నాటి పునాది ఉంది. ఇండియన్ స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్‌గా మొదలై, 1970లో జేఎన్‌యూలో కలిసింది. యూరోపియన్ స్టడీస్ సెంటర్ ఆ స్కూల్లోదే. ఆ సెంటర్ అసలు పని పీహెచ్‌డీ. ఎంఏలో చేరాలంటే సెంట్రల్ యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ రాసి, ఇంటర్నేషనల్ స్టడీస్ స్పెషలైజేషన్‌తో ఉండే ఎంఏ పాలిటిక్స్‌లో చేరతారు. యూరప్‌కు సంబంధించిన కోర్సులు అందులో ఎంచుకునేవి. పాత సీనియర్లు చెప్పే ఎంఫిల్ ఇప్పుడు లేదు, దాన్ని లెక్కలోంచి తీసేయండి.

పీహెచ్‌డీకి 2024 నుంచి నెట్ (యూజీసీ జాతీయ అర్హత పరీక్ష) స్కోరే ఆధారం. జేఆర్‌ఎఫ్, అంటే ఆ పరీక్షలో పైమార్కులకు దక్కే రీసెర్చ్ ఫెలోషిప్, వచ్చినవాళ్లకు ఇంటర్వ్యూ. జేఆర్‌ఎఫ్ లేకుండా నెట్ మాత్రమే వచ్చినవాళ్లకు, 'పీహెచ్‌డీకి మాత్రమే' అన్న కేటగిరీలో క్వాలిఫై అయినవాళ్లకు నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం. జేఆర్‌ఎఫ్ ఉంటే నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000. లేనివాళ్లకు నాన్ నెట్ ఫెలోషిప్ కింద నెలకు 8,000. ఫీజు వందల్లోనే ఉంటుంది. జేఆర్‌ఎఫ్ చేతిలో ఉండి, ప్రశ్న ఇంగ్లిష్ పత్రాలతో తేలేదైతే, నా దృష్టిలో దేశంలో దీన్ని మించిన బేరం లేదు. యూనివర్సిటీ లైబ్రరీతో పాటు విదేశీ వ్యవహారాల పుస్తకాలకు పేరున్న సప్రూ హౌస్ లైబ్రరీ ఉంది. ఫ్రెంచి వాళ్ల సామాజిక శాస్త్రాల పరిశోధన కేంద్రం సీఎస్‌హెచ్ కూడా ఢిల్లీలోనే ఉంది. రాయబార కార్యాలయాల్లో ఇంటర్వ్యూలకు మెట్రో ఎక్కితే సరిపోతుంది. అదే స్కూల్లో వాణిజ్యం మీద, పశ్చిమాసియా మీద పనిచేసేవాళ్లు ఉంటారు. క్యాంటీన్లో టీ తాగుతూ నలుగురిని కలిస్తే ప్రశ్న పదును తేలుతుంది.

ఇబ్బంది ఎక్కడంటే, సీట్ల లెక్కలో. యూజీసీ నిబంధన ప్రకారం ప్రొఫెసర్ ఒకేసారి 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ 6గురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ 4గురికి మాత్రమే గైడ్‌గా ఉండగలరు. సెంటర్ చిన్నది. మీ టాపిక్ చూసే మనిషి దగ్గర ఆ ఏడాది ఖాళీ లేకపోతే మీ స్కోరు ఎంతున్నా సీటు ఉండదు, లేదా మీ టాపిక్‌తో సంబంధం లేని మనిషి దగ్గర పడతారు. రెండోది ఇంకా ప్రమాదం.

నాకు జరిగింది చెప్తాను, ఎక్కడో చెప్పను. నేను చేరిన ఏడాదే నా గైడ్ సెలవు మీద విదేశానికి వెళ్లారు. ఈమెయిల్‌కు జవాబు ఇరవై రోజులకొచ్చేది. సినాప్సిస్ ఒక డ్రాఫ్ట్ దగ్గరే ఎనిమిది నెలలు ఆగిపోయింది. ఆ టెన్షన్‌లో టాపిక్కే మార్చేద్దామనుకున్నాను. తప్పు ఆయనది అనను, సెలవు ఆయన హక్కు. చేరకముందు "వచ్చే రెండేళ్లు మీరు ఇక్కడే ఉంటారా సర్?" అని ఒక్క ముక్క అడగలేదు, అది నా తప్పు. మన ఊళ్లలో మాస్టార్ని అలా అడగడం మర్యాద కాదనిపిస్తుంది. అడగండి. మెల్లగా అడిగితే ఎవరూ ఏమనుకోరు.

మణిపాల్: చిన్న క్లాసు, పెద్ద ఫీజు

ఉడుపి పక్కన మణిపాల్‌ది వేరే లెక్క. యూరోపియన్ స్టడీస్ పేరుతోనే ఎంఏ నడిపిన సంస్థలు మన దేశంలో చాలా తక్కువ, వాటిలో ఇదొకటి. ఝాఁ మొనే గుర్తింపు కూడా వచ్చిన సెంటర్. క్లాసు చిన్నది, కాబట్టి డిసర్టేషన్ రాస్తున్నప్పుడు గైడ్ మీ చాప్టర్ నిజంగా చదువుతారు. ఢిల్లీలో రెండేళ్లు చదివి ఇది దక్కనివాళ్లు నాకు తెలుసు. యూరప్ యూనివర్సిటీలతో ఎక్స్‌ఛేంజ్ ఒప్పందాలు చెప్పుకోదగ్గవి. కానీ ఒప్పందం ఉండటం వేరు, మీకు సీటు రావడం వేరు. పోయినేడు ఎంతమంది వెళ్లారు, వెళ్లినవాళ్ల ఖర్చు ఎవరు పెట్టుకున్నారు అని అడగండి.

ప్రైవేట్ యూనివర్సిటీ కాబట్టి ఫీజు ఆ స్థాయిలోనే ఉంటుంది. ఇంట్లో అప్పు చేసి కట్టేటట్టయితే మాత్రం ఆగి ఆలోచించండి, ఎందుకంటే ఇక్కడ ఇంకో ముడి ఉంది. డిగ్రీ మీద 'యూరోపియన్ స్టడీస్' అని ఉంటుంది. రేపు ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో డిగ్రీ లెక్చరర్ నోటిఫికేషన్ పడితే అందులో 'పొలిటికల్ సైన్స్' అని ఉంటుంది. నీ డిగ్రీ దానికి సమానమేనని నిరూపించుకునే బాధ్యత అభ్యర్థి మీదే పడుతుంది, అది వెరిఫికేషన్ కౌంటర్ దగ్గర నిలబడి చేసే పని కాదు. నెట్‌లో 'ఇంటర్నేషనల్ అండ్ ఏరియా స్టడీస్' అనే సబ్జెక్ట్ విడిగా ఉంది, అది రాయొచ్చు. కానీ నెట్ వచ్చినంత మాత్రాన నోటిఫికేషన్‌లో ఉన్న సబ్జెక్ట్ మాట మారదు. ఇప్పటికే ఎంఏ పొలిటికల్ సైన్స్ ఉన్న నా జూనియర్ లాంటి వాళ్లకు ఈ బెంగ లేదు. బీఏ తర్వాత నేరుగా వెళ్లేవాళ్లే ఆలోచించాలి. టీచింగ్ వైపు రానని, థింక్ ట్యాంకులు, కంపెనీల పాలసీ విభాగాలు, ఎన్జీవోలు చూసుకుంటానని అనుకునేవాళ్లకు కూడా ఇది అడ్డు కాదు.

హైదరాబాద్‌లో ఏముంది?

"ఇక్కడే ఏదైనా ఉండొచ్చు కదా అక్కా" అంది. ఉంది, కానీ ఆ బోర్డుతో కాదు. విచిత్రం చూడండి, హైదరాబాద్‌కు అమెరికా మీద పరిశోధన కేంద్రం 1964లోనే వచ్చింది. ఉస్మానియా క్యాంపస్‌లోని అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ లైబ్రరీ కోసం దేశం నలుమూలల నుంచీ రైలెక్కి వచ్చేవాళ్లు. అదే ఇప్పుడు ఓయూసీఐపీ, అంటే ఉస్మానియా అంతర్జాతీయ కార్యక్రమాల కేంద్రం. యూరప్‌కు అలాంటిది మనకు రాలేదు.

వచ్చింది భాషలు. 1958లో ఇంగ్లిష్ టీచర్ల శిక్షణకు మొదలై, 1972లో విదేశీ భాషల్ని కలుపుకుని సీఫెల్ అయి, 2007లో సెంట్రల్ యూనివర్సిటీ అయిన ఇఫ్లూలో ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్, రష్యన్ డిగ్రీలకు చదువుతారు. బంజారా హిల్స్‌లో ఫ్రెంచ్ నేర్పే అలియాన్స్ ఫ్రాన్సేజ్, జర్మన్ నేర్పే గోతె జెంట్రుమ్ ఉన్నాయి, ఉద్యోగం చేసుకుంటూ వారాంతాల్లో కూడా నేర్చుకోవచ్చు. నా అభిప్రాయంలో తెలుగు విద్యార్థి యూరప్ మీద చేసే రీసెర్చ్ మొదలవ్వాల్సింది ఈ క్లాసుల్లోనే, ఏ సెంటర్ అప్లికేషన్ ఫారంతోనూ కాదు.

ఎందుకంటే భాషే అసలు జల్లెడ. యూరోపియన్ యూనియన్‌కు 24 అధికార భాషలు. ఈ రోజు చట్టాలన్నీ ఇంగ్లిష్‌లో దొరుకుతాయి కాబట్టి ఇంగ్లిష్ చాలు అనిపిస్తుంది. కానీ బ్రిటన్ చేరింది 1973లో. అంతకుముందు ఆ సంస్థల అధికార భాషలు ఫ్రెంచ్, జర్మన్, ఇటాలియన్, డచ్. 1960ల్లో యూరప్ ఉమ్మడి వ్యవసాయ విధానం ఎలా పుట్టిందో రాయాలనుకునే విద్యార్థికి ఫ్రెంచ్ రాకపోతే, ఆ కాగితాల మీద వేరేవాళ్లు రాసిన పుస్తకాలు చదివి రాయాల్సిందే. ఇంగ్లిష్ దాటిన ప్రశ్న పెట్టుకుని, ఇంగ్లిష్‌తో నెట్టుకొద్దామని పీహెచ్‌డీలో చేరి మూడో ఏడాదిలో ఇరుక్కున్నవాళ్లు తక్కువేం లేరు.

రొయ్య ఎటు పంపిస్తుంది, యానాం ఎటు పంపిస్తుంది

ఇక్కడ ఆ అమ్మాయి చేత ఫోన్ స్పీకర్‌లో పెట్టించి ల్యాప్‌టాప్ తెరిపించాను. ఆహార భద్రత హెచ్చరికల కోసం యూరప్‌కు 1979 నుంచి ఒక వ్యవస్థ ఉంది, దాన్ని పొట్టిగా ఆర్‌ఏఎస్‌ఎఫ్‌ఎఫ్ అంటారు. ఏ దేశం ఏ సరుకును ఎందుకు ఆపిందో అందులో ఎవరైనా వెతుక్కోవచ్చు, లాగిన్ అక్కర్లేదు. దేశం దగ్గర ఇండియా, సరుకు దగ్గర రొయ్యలు, పీతల కేటగిరీ పెట్టమన్నాను. వరుసలు వచ్చాయి: తేదీ, ఆపిన దేశం, కారణం దగ్గర నైట్రోఫ్యురాన్ రకం యాంటీబయాటిక్‌ల పేర్లు, చర్య దగ్గర 'సరిహద్దులోనే తిరస్కరణ'. "అక్కా, ఇవన్నీ ఇలా బయటే పెట్టేస్తారా?" అంది. పెట్టేస్తారు. మన రొయ్యల మీద యూరప్ తనిఖీని 2016లో 10 శాతం నుంచి 50 శాతానికి పెంచిన నిర్ణయం కూడా యూరోపియన్ యూనియన్ చట్టాల వెబ్‌సైట్ యూర్‌లెక్స్‌లో ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. అటువైపు కాగితం అంతా ఇంగ్లిష్. ఇటువైపు భీమవరం, కాకినాడ చెరువుల దగ్గర, ప్రాసెసింగ్ ప్లాంట్ల దగ్గర, హేచరీల దగ్గర మాట అంతా తెలుగు. ఏ యూరప్ విద్యార్థికీ ఈ రెండోది రాదు. ఈ అమ్మాయికి రెండూ వచ్చు.

అందుకని రొయ్యల ప్రశ్నకు నా సలహా ఢిల్లీ. నెట్ రాసి జేఆర్‌ఎఫ్ కోసం ప్రయత్నించడం, ఏడాది పట్టినా సరే. ఫీల్డ్‌వర్క్ సొంత జిల్లాలో. యూరప్‌కు ఒక్కసారి, నెలా రెండు నెలలు బ్రస్సెల్స్‌లో ఇంటర్వ్యూలకు వెళ్తే చాలు. 2007లో మొదలై, 2013లో ఆగి, 2022లో మళ్లీ పట్టాలెక్కిన ఇండియా, యూరప్ వాణిజ్య చర్చల్ని చూస్తూ వచ్చిన ప్రొఫెసర్లు ఢిల్లీలో దొరుకుతారు. విశాఖ స్టీలు మీద యూరప్ కార్బన్ పన్ను ప్రభావం లాంటి ప్రశ్న ఉన్నవాళ్లకూ ఇదే మాట. ఆ పన్ను అసలు దశ 2026 జనవరిలో మొదలైంది, ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లకు డేటా కళ్ల ముందే పుట్టుకొస్తుంది.

యానాం ప్రశ్న ఇందుకు పూర్తిగా తలకిందులు. కాగితం ఫ్రెంచ్‌లో ఉంటుంది, అందులోనూ చేతిరాత. కొంత పుదుచ్చేరిలో, నేషనల్ ఆర్కైవ్స్ రికార్డ్ సెంటర్‌లో. కొంత దక్షిణ ఫ్రాన్స్‌లోని ఎక్స్ ఆన్ ప్రొవాన్స్‌లో, ఫ్రాన్స్ తన వలసల కాగితాలు దాచుకున్న భాండాగారంలో. దీనికి యూరోపియన్ స్టడీస్ సెంటరే అక్కర్లేదు అన్నాను. నిరుత్సాహపడింది. నిజం అదే. దీనికి కావాల్సింది చరిత్ర విభాగంలో ఒక మంచి గైడ్, ఫ్రెంచ్‌లో కనీసం బీ2 స్థాయి (ఏ1 నుంచి సీ2 దాకా ఉండే ఆరు మెట్లలో నాలుగోది). బీ1 దాకా రావడానికే 350 నుంచి 400 గంటల క్లాసులు పడతాయి, అంటే ఉద్యోగంతో పాటు నేర్చుకుంటే రెండేళ్లు. పాండిచ్చేరిలో 1955 నుంచి ఉన్న ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ పేరు చూసి అది యూరప్ మీద పనిచేసే సంస్థ అనుకోకండి, వాళ్లు చదివేది మన దేశాన్నే. కానీ లైబ్రరీ, మనుషులు, సలహా అన్నీ అక్కడ దొరుకుతాయి.

మచిలీపట్నం, భీమునిపట్నం, నరసాపురం డచ్చి వాళ్ల మీద పనిచేయాలనుకునేవాళ్లకు ఇంకో దారి ఉంది. డచ్చి కంపెనీ కాగితాలు హేగ్‌లోని జాతీయ భాండాగారంలో ఉన్నాయి. వాటిలో చాలా భాగం స్కాన్ అయింది, కంప్యూటర్ చేత ఆ పాత చేతిరాత చదివించే పని కూడా సాగుతోంది. ఆసియా విద్యార్థులకు ఆ పాత డచ్చి చదవడం నేర్పిన అనుభవం లైడెన్ యూనివర్సిటీకి ఉంది. ఈ టాపిక్‌కు ఢిల్లీ, మణిపాల్ రెండూ పక్కన పెట్టి లైడెన్ వైపు చూడండి.

నేరుగా యూరప్ అయితే

ఎరాస్మస్ ముండుస్ పేరు చాలామంది వినే ఉంటారు. రెండు మూడు దేశాల యూనివర్సిటీలు కలిసి నడిపే రెండేళ్ల మాస్టర్స్. స్కాలర్‌షిప్ వస్తే ఫీజు ఉండదు, నెలకు 1,400 యూరోలు, 24 నెలలు, మొత్తం 33,600. విమానం టికెట్, వీసా, అద్దె, తిండి అన్నీ అందులోనే సర్దుకోవాలి. ఇదివరకు ఏడాదికి మూడు కోర్సులకే అప్లై చేయాలన్న నియమం ఉండేది, 2021 నుంచి అది తీసేశారు. చాలా కోర్సుల గడువు డిసెంబరు, జనవరిలో ముగుస్తుంది.

మన సబ్జెక్టుకు దగ్గరగా రెండున్నాయి. యూరోకల్చర్ అనేది గ్రోనింగెన్, గోటింగెన్, ఉప్సల, క్రాకో, ఒలొమౌట్స్, స్ట్రాస్‌బోర్గ్, ఉదీనె, బిల్బావోలోని డ్యూస్టో యూనివర్సిటీలది. చరిత్ర, సంస్కృతి, గుర్తింపు రాజకీయాల వైపు మొగ్గు. దీని యూరప్ బయటి భాగస్వాముల్లో పుణె యూనివర్సిటీ కూడా ఉంటూ వచ్చింది, యూరప్ వెళ్లి మూడో సెమిస్టర్‌కు పుణె రావడం ఏం సరదానో మరి! యూరోపియన్ పాలిటిక్స్ అండ్ సొసైటీ అనే రెండోది ప్రాగ్, క్రాకో, లైడెన్, బార్సిలోనాల మధ్య తిరుగుతుంది, రాజకీయాలే ప్రధానం.

వీటి మీద నా ఫిర్యాదు ఒకటుంది. ఆర్నెల్లకోసారి ఊరు మారాలి. కొత్త ఊళ్లో రెసిడెన్స్ పర్మిట్, కొత్త గది, కొత్త బ్యాంక్ ఖాతా, అవి అయ్యేసరికి సగం సెమిస్టర్. ఆర్కైవ్‌లో కూర్చుని చేసే లోతైన పనికి ఇది పనికిరాదు. పీహెచ్‌డీకి ప్రపోజల్ తయారు చేసుకోవడానికి, రెండు భాషల్లో అడుగు పెట్టడానికి, రికమెండేషన్ రాసే నలుగురు ప్రొఫెసర్లను సంపాదించుకోవడానికి మాత్రం అద్భుతం. వెళ్లేటప్పుడే ఆ ఉద్దేశంతో వెళ్లండి.

'సీటు వచ్చింది, స్కాలర్‌షిప్ రాలేదు' అన్న ఉత్తరం దగ్గరే చాలామంది జారిపడతారు. సొంత డబ్బుతో రమ్మనే ఆహ్వానం అది. ఇంట్లో అందరూ సంతోషంలో ఉంటారు, నాన్న పొలం తాకట్టు మాట ఎత్తుతారు. ఈ సబ్జెక్టులో చదువయ్యాక జీతాలు సాఫ్ట్‌వేర్ జీతాల్లా ఉండవు, ఆ అప్పు తీరదు. వద్దని చెప్పండి. వెయిటింగ్ లిస్టులో పేరుంటే ఎదురుచూడండి, లేకపోతే మరుసటేడు మళ్లీ అప్లై చేయండి. జర్మనీలో చదువు మొదలయ్యే వాళ్లకు, మన సర్టిఫికెట్లు అసలైనవేనని తేల్చే ఏపీఎస్ సర్టిఫికెట్ కావాలి, 18,000 రూపాయలు, వారాలు పడుతుంది. స్కాలర్‌షిప్ లేకపోతే, నెలనెలా కొంతే తీసుకోనిచ్చే బ్లాక్డ్ ఖాతాలో ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి. ఈ అంకెలు ముందే ఇంట్లో చెప్పి ఉంచితే తర్వాత మాటలు రావు.

బ్రూజ్‌లో 1949 నుంచి ఉన్న కాలేజ్ ఆఫ్ యూరప్ పేరు గొప్పది. పది నెలల కోర్సు, ఫ్రెంచ్ వస్తే మేలు, అందరూ హాస్టల్లో కలిసి ఉంటారు. బ్రస్సెల్స్ ఆఫీసుల్లో ఎవరిని కదిపినా అక్కడ చదివినవాళ్లే తగులుతారు. ఉద్యోగానికి బాట అది, రీసెర్చికి కాదు. భారతీయులకు అక్కడ స్కాలర్‌షిప్ దొరకడం కూడా అంత తేలిక కాదు.

పీహెచ్‌డీ స్థాయిలో ఫ్లోరెన్స్ కొండల మీదున్న యూరోపియన్ యూనివర్సిటీ ఇన్‌స్టిట్యూట్‌ను మించింది లేదంటారు, ఒప్పుకుంటాను. 1972 ఒప్పందంతో పుట్టి 1976లో విద్యార్థుల్ని చేర్చుకుంది. ఆర్థికం, చరిత్ర, న్యాయం, రాజకీయ సామాజిక శాస్త్రాలు, నాలుగేళ్ల పీహెచ్‌డీ. యూరోపియన్ యూనియన్ చారిత్రక పత్రాలు అక్కడి విల్లా సాల్వియాతిలోనే ఉన్నాయి, ముప్ఫయ్యేళ్లు దాటినవి చూడనిస్తారు. కానీ అక్కడ గ్రాంట్లు చాలావరకు ఏ దేశం పౌరులకు ఆ దేశం ఇచ్చేవి. ఇండియా పాస్‌పోర్ట్‌తో ఆ ఏడాది ఏ గ్రాంటుకు అర్హత ఉందో చూసుకున్నాకే ప్రపోజల్ మీద కూర్చోండి.

అమెరికాలో పెరిగే మన పిల్లల గురించి ఒక ముక్క, ఎందుకంటే డాలస్ నుంచి మా పెద్దమ్మ కూతురు కూడా ఇదే అడిగింది. అక్కడ డిగ్రీలోనే రీసెర్చికి డబ్బిచ్చే సెంటర్లున్నాయి. హార్వర్డ్‌లో 1969లో మొదలైన యూరోపియన్ స్టడీస్ సెంటర్, ఫైనలియర్ థీసిస్ రాసే పిల్లల్ని వేసవిలో యూరప్ పంపడానికి గ్రాంట్లు ఇస్తుంది. ఆ సొమ్ము ఆ యూనివర్సిటీ పిల్లలకే. కాబట్టి అమెరికాలో కాలేజీ ఎంచుకునేటప్పుడు ర్యాంకుతో పాటు అలాంటి సెంటర్ ఉందా, డిగ్రీ పిల్లలకు ఇస్తుందా, పీహెచ్‌డీ వాళ్లకేనా అని చూడండి.

ప్రొఫెసర్‌కు రాసే ఉత్తరం

ఎక్కడికి వెళ్లినా మొదటి ఉత్తరం మీదే చాలా ఉంటుంది. "నాకు యూరోపియన్ యూనియన్ మీద చాలా ఆసక్తి, మీ మార్గదర్శకత్వంలో పనిచేయాలని నా కల" అని రాసేవి వాళ్లకు రోజుకు పది వస్తాయి. మీది ఆరేడు వాక్యాలు దాటకూడదు. ప్రశ్న ఒక వాక్యంలో. ఏ కాగితాలు చూస్తారో, అవి ఎక్కడున్నాయో రెండు వాక్యాల్లో. ఏ భాష ఏ స్థాయిలో వచ్చో ఒక వాక్యం. వాళ్లు రాసినదాంట్లో మీరు నిజంగా చదివింది ఒకటి. చివర్లో, వచ్చే ఏడాది కొత్త విద్యార్థుల్ని తీసుకుంటున్నారా అన్న ప్రశ్న. సర్టిఫికెట్లన్నీ అటాచ్ చేయకండి, ఒక పేజీ ప్రపోజల్ చాలు. పదిహేను రోజులకు జవాబు రాకపోతే ఒకసారి గుర్తుచేయండి, అప్పటికీ రాకపోతే ఇంకొకరికి రాయండి.

పోయిన ఆదివారం మళ్లీ ఫోన్ చేసింది. వెనకాల ఏరేటర్ల చప్పుడు. "అక్కా, చెరువు దగ్గరున్నా. నాన్నతో ప్లాంట్‌కు వెళ్లొచ్చాను, పోయినేడు ఆగిపోయిన లాట్‌ది ల్యాబ్ రిపోర్ట్ ఫోటో తీసుకోనిచ్చారు. ఆర్‌ఏఎస్‌ఎఫ్‌ఎఫ్‌లో ఉన్న తేదీ, ఇందులో తేదీ ఒకటే అక్కా!" మరి యానాం సంగతేంటే అన్నాను. అలియాన్స్‌లో ఆన్‌లైన్ ఏ1 బ్యాచ్‌కు డబ్బు కట్టిందట, అది ఎప్పటికైనా అంది. ఢిల్లీలో ఎవరికి రాయాలో ఇద్దరి పేర్లు పంపాను. ఉత్తరం రాసి, పంపే ముందు ఒకసారి నాకు చూపిస్తానంది.